నాచారం పిల్ల, లాలాపేట లోకల్

కల్పన ఏఎస్ రావు నగర్‌లో ఏదో జిరాక్స్ షాపులో దొంగ బోనఫైడ్ సర్టిఫికెట్ చేయించుకుని సర్కారు టీచర్ ఉద్యోగం కొట్టేసిందని మా వాడకట్టులో ఆరు నెలలుగా ఒక మాట తిరుగుతోంది. అది నీళ్ళ ట్యాంకర్ దగ్గర మొదలై, బుచ్చిరాములు కిరాణా కొట్టులో ముదిరి, ఉప్పల్ దాకా పోయి, తిరిగి నా దగ్గరికే కొత్త ముచ్చటలా వచ్చింది. చెప్పిన ఆవిడ ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. ఆ మాట తప్పు. ఎంత తప్పో నాకంటే బాగా తెలిసినవాళ్ళు నాచారంలో ఎవరూ లేరు. ఎందుకంటే కల్పన ఉద్యోగం దాదాపు ఊడగొట్టిన కాగితం మీద ఉన్నది నా సంతకమే. అది ఎట్లా పడిందో చెప్పాలంటే ముందు కల్పన సంగతి చెప్పాలి.

కల్పన మా పక్కింటి హనుమాండ్లు పెద్ద కూతురు. హనుమాండ్లు వాళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీలు రాకముందు నుంచి ఉన్నవాళ్ళు. వాళ్ళ తాత జొన్న పండించిన రెండెకరాల మీద ఇప్పుడు ఏదో గోదాము ఉంది. హనుమాండ్లు ఒక దారం మిల్లులో పనిచేసేవాడు, అది మూతబడింది. ఆయన భార్య మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి మొదటి షిఫ్టుకు పోయేది. తెల్లారకముందే తల్లి ఇల్లు వదిలితే పసిపిల్ల ఎవరి దగ్గర ఉండాలి? నాయనమ్మ దగ్గర. ఆ నాయనమ్మ ఇంట్లో కూర్చునే రకం కాదు. గంగవాయిలి కూర, తోటకూర, పుంటికూర బుట్టలో పెట్టుకుని రోజూ లాలాపేట నడిచి వెళ్ళి అమ్మేది. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్ళు బేరం ఎక్కువ చేయరని ఆమె నమ్మకం. నెత్తిన బుట్ట, వేలు పట్టుకుని కల్పన.

నాయనమ్మ కూర్చునే చోటుకు పక్కనే ఒక చిన్న సర్కారు బడి ఉండేది. పాపమ్మ టీచర్ అని జనగామ వైపు ఆవిడ అక్కడ హెడ్డు. బుట్ట ఖాళీ అయ్యేదాకా ఈ పిల్లను నీ దగ్గర కూర్చోబెట్టుకో అని ముసలామె అడిగిందట. ఊరికే కూర్చోబెట్టడానికి లేదు, పేరు రాయాలి అన్నదట పాపమ్మ టీచర్. సరే రాయి అన్నదట ముసలామె. కల్పన చదువు అట్లా మొదలైంది. ఒకటి నుంచి ఏడు దాకా అక్కడే. నాచారంలో బడి లేక కాదు. మా సందు చివరే ఉంది, గంట కొడితే నా వంటింట్లోకి వినబడుతుంది. దాన్ని దాటుకుని ఆ పిల్ల రోజూ లాలాపేట వెళ్ళేది. అప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. లాలాపేట అంటే పక్క వాడ, అంతే.

తమ్ముడు ధర్మేందర్ మూడేళ్ళు చిన్న. వాడికి బడి ఈడు వచ్చేసరికి ముసలామె మోకాళ్ళు పోయాయి. బుట్ట ఇంటి గడప ముందుకు చేరింది. కల్పన ఒక్కతే లాలాపేట పోయి వచ్చేది, చిన్నవాడిని మాత్రం సందు చివరి బడిలో వేశారు.

ఇద్దరూ పెరిగారు. ఇద్దరూ టీచర్ ట్రైనింగ్ చేశారు. కల్పన పెళ్ళి చేసుకుని పుట్టింటి మేడ మీది వాటాలోనే ఉంటోంది. భర్త కరుణాకర్‌కు చర్లపల్లి కంపెనీలో పని. ఆమె తొమ్మిదేళ్ళు మల్లాపూర్‌లో ఒక కాన్వెంటులో పాఠాలు చెప్పింది. ధర్మేందర్ పోచారం ఐటీ వాళ్ళను తిప్పే క్యాబ్ నడుపుతాడు. డీఎస్సీ, అదే సర్కారు టీచర్ల పరీక్ష, పడిందనగానే అక్కాతమ్ముళ్ళు ఒకే గైడు కొని, దాన్ని నడుమకు కోసుకుని, సగం సగం చదివి మార్చుకునేవాళ్ళు. ఆ చింపిన గైడు నేను చూశాను. మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతుంటే నాకు కూడా కొన్ని జవాబులు వచ్చేశాయి.

ఫలితాలు వచ్చాయి. ధర్మేందర్‌కు అక్కకంటే నాలుగు మార్కులు ఎక్కువ. ఉద్యోగం మాత్రం అక్కకు వచ్చింది, వాడికి రాలేదు.

ఇది ఎట్లా అని నేను వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. కులం కాలమ్‌లో ఇద్దరిదీ ఒకటే. ఆడపిల్లల కోటా అని బుచ్చిరాములు తేల్చేశాడు. అదీ కాదు. ధర్మేందర్‌కు వచ్చిన మార్కులు కల్పన ఉన్న లిస్టులో మగవాళ్ళ చివరి మార్కుకంటే కూడా ఎక్కువే. కథంతా ఆ లిస్టులో ఉంది. టీచర్ పోస్టులు జిల్లాలవారీగా ఉంటాయి. నూటికి తొంభై అయిదు ఆ జిల్లా లోకల్ వాళ్ళకే. లోకల్ అంటే ఎక్కడ పుట్టావు, ఎక్కడ ఉన్నావు అని కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్ళు ఏ జిల్లాలో చదివావు అని. నాచారం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. నడిచి వెళ్ళే దూరంలో ఉన్న లాలాపేట హైదరాబాద్ జిల్లా. అక్కడ పోస్టులు ఎక్కువ, ఇక్కడ తక్కువ. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే గైడు. అక్క హైదరాబాద్ లోకల్, తమ్ముడు మేడ్చల్ లోకల్.

మేడ్చల్ లిస్టులో మా సందు నుంచి ఒక పేరు వచ్చింది, నాగచైతన్యది. వాళ్ళ నాన్న కోనసీమ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి మా ఎదురింట్లో అద్దెకు దిగాడు. పిల్లవాడు ఒకటి నుంచి పది దాకా నాచారంలోనే చదివాడు, కాబట్టి పక్కా లోకల్. వాడిని నేను తప్పుపట్టను. బాగా చదివాడు, మార్కులూ వచ్చాయి. కానీ హనుమాండ్లు మాత్రం ఆ రోజు పొద్దుగూకేదాకా అరుగు దిగలేదు.

కొన్నాళ్ళకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. కల్పన నాచారం పిల్ల అనీ, హైదరాబాద్ లోకల్ అని దొంగ కాగితం పెట్టిందనీ. రాసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నాకు ముగ్గురి మీద అనుమానం ఉంది, అందులో ఒకరు ఇది తప్పకుండా చదువుతారు. ఆ ఉత్తరం పట్టుకుని ఒక రోజు పొద్దున ఉమామహేశ్వర్ అని విద్యాశాఖ ఆఫీసు గుమాస్తా ఒకడు మా సందులోకి వచ్చాడు. సంకలో ఫైలు ఉంది. ఎవరిని అడగాలా అని అటూ ఇటూ చూస్తున్నాడు. అతను ఎదురింటి గేటు తట్టబోతుంటే నా అంతట నేనే పిలిచి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. ఎందుకు వచ్చాడో తెలియకుండా పోనిస్తానా?

"అమ్మా, హనుమాండ్లు బిడ్డ కల్పన మీకు ఎరుకేనా?" అన్నాడు.

"ఎరుకేంది. బొడ్డు కోసిన కత్తెర మా ఇంట్లదే."

"లోకలేనా?"

లోకల్ అనే మాట వినగానే నాకు సంగతి అర్థమైపోయింది అనుకున్నాను. ఉద్యోగాలు లోకల్ వాళ్ళకే ఇస్తారు, ఈ పిల్ల లోకల్ అవునా కాదా అని అడుగుతున్నాడు, గట్టిగా చెబితే పని అయిపోతుంది. ఇంతకంటే సులువైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"పక్కా లోకల్. పుట్టింది నాచారంలనే, పెరిగింది నాచారంలనే. నాచారం దాటి ఒక్క దినం గూడ ఉండలే."

"చదువు?"

ఇక్కడే నేను చెడ్డాను. బుట్ట, లాలాపేట, పాపమ్మ టీచర్ అన్నీ నాకు గుర్తున్నాయి. ఆ మాట చెబితే ఎక్కడ బయటి పిల్ల అనుకుంటాడోనని మింగేశాను. "చదువు గూడ ఈడ్నే. గా కనబడే బడే" అని వేలు పెట్టి చూపించాను. అతను ఏదో రాసుకున్నాడు, చదివి వినిపించాడు, నేను తల ఊపాను. ఒక్క సాక్షి సరిపోదేమోనని బుచ్చిరాములును కొట్టులోంచి నేనే పిలిపించాను. ఆయన కాగితం చదవకుండానే సంతకం పెట్టి, ఎప్పుడూ లేనిది నాకు దండం పెట్టి పోయాడు. నేను ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం చేశాను. అయిదో తరగతి దాకా చదివినదాన్ని, వేలిముద్ర వేయను.

నాలుగు రోజుల తర్వాత అందరికీ నియామక పత్రాలు ఇచ్చారు. కల్పనది ఆపేశారు. పది రోజుల్లో అసలు రిజిస్టరు చూపించాలి, లేదంటే పేరు తీసేస్తామన్నారు. ఆపడానికి కారణం స్థానికులు ఇద్దరు ఇచ్చిన వాంగ్మూలం.

ఆ సాయంత్రం కల్పన మా ఇంటికి వచ్చింది. అరుస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెద్దమ్మా, నేను లాలాపేటల సదువుకున్నట్టు నీకు ఎరుక లేదా?"

"ఎరుకే బిడ్డా."

"మరి?"

"లోకల్ అంటె మంచిదనుకున్న."

"మంచిదే. కాని నేను ఈడి లోకల్ కాదు. ఆడి లోకల్‌ను."

నాకు నిజంగా కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా మీద కూడా కాదు. నా కళ్ళముందు పుట్టిన పిల్లను నాచారం పిల్ల అనడం అబద్ధసాక్ష్యం ఎట్లా అవుతుంది? బిడ్డ వెనకే వచ్చి నిలబడ్డ హనుమాండ్లు, మా తాత భూమి గోదాము కింద ఉన్నది గాని నా బిడ్డ నాచారంది కాదంట అని గొణుక్కుంటున్నాడు. కొడుకేమో నాచారం వాడే, కానీ వాడికి సీటు లేదు. ఆయన ఎవరి మీద కోపం చేయాలో తెలియక కుక్కను అదిలించాడు.

మర్నాడే ఆఫీసుకు పోయి నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. ఉమామహేశ్వర్ మంచివాడే, కుర్చీ వేశాడు. కానీ వాంగ్మూలం అట్లా తిరిగిరాదట. రెండు మాటల్లో ఏది అబద్ధమో నేనే రాసివ్వాలట. మొదటిదే అబద్ధం అన్నాను. అదే రాయండి అన్నాడు. పక్కనున్న బెంచీ మీద కూర్చుని, నేను అబద్ధం చెప్పానని నా చేత్తో నేనే గంటసేపు రాశాను. వయసు డెబ్బై దాటాక ఇంపోజిషన్ రాయించిన ఘనత ఈ లోకల్ కోటాకే దక్కింది. అంతా రాసి ఇచ్చాక, ఇది సరిపోదమ్మా, రిజిస్టరు కావాలి అన్నాడు.

రిజిస్టరు దగ్గర ఇంకో చిక్కు. లాలాపేటలో ఆ చిన్న బడి ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గితే కొన్నేళ్ళ కింద ఇంకో బడిలో కలిపేశారు. పాపమ్మ టీచర్ పోయింది. పాత రిజిస్టర్లు కొత్త బడిలో ఒక గదిలో, విరిగిన బెంచీల వెనక కట్టలు కట్టి పడేసి ఉన్నాయట. వెతకడానికి అక్కడ మనుషులు లేరు, కావాలంటే మీరే వెతుక్కోండి అన్నారు. కల్పనకు కాన్వెంటులో పరీక్షల సమయం, సెలవు ఇవ్వలేదు. కరుణాకర్‌కు కంపెనీలో సెలవు లేదు. ధర్మేందర్ తానే పోతానన్నాడు.

వాడకట్టులో అప్పటికే ఉత్తరం రాసింది వీడేనని గుసగుసలు. నాలుగు మార్కులు ఎక్కువ వచ్చీ ఉద్యోగం రానివాడికి కడుపు మండదా అని బుచ్చిరాములు నా ముందే అన్నాడు. నేను కాదని కొట్టిపారేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, రిజిస్టరు దొరికితే వీడు చింపేస్తాడేమోనని నాకూ అనిపించింది. అందుకే నేను కూడా వస్తానని క్యాబ్ ఎక్కి కూర్చున్నాను. ఎందుకు వస్తున్నానో వాడికి తెలుసు. అందుకే ఏసీ వేయలేదు.

మూడు రోజులు వెతికాం. వాడు పొద్దుటి ట్రిప్పు ముగించుకుని వచ్చేవాడు, మళ్ళీ సాయంత్రం ట్రిప్పుకు పోయేవాడు. నడుమ ఆ గదిలో దుమ్ములో కూర్చుని ఒక్కొక్క కట్ట విప్పేవాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాడి చేతులే చూస్తూ కూర్చున్నాను. హాజరు పట్టీలు, బియ్యం లెక్కలు, పోలియో చుక్కల జాబితాలు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. అట్ట ఊడిపోయింది గానీ కాగితాలు బాగున్నాయి.

వాడు ఆ పేజీ తీసి వేలు పెట్టాడు. కల్పన, తండ్రి హనుమాండ్లు, ఊరు నాచారం. సంతకం చోట నాయనమ్మ వేలిముద్ర. పక్కన పాపమ్మ టీచర్ గుండ్రటి అక్షరాలతో 'ఆకుకూరలు అమ్మే అవ్వ' అని రాసింది. వాడు ఆ వరుస మీద నుంచి వేలు తీయలేదు. నేను లేచి దగ్గరగా జరిగాను.

"చింపుతననుకున్నవా పెద్దమ్మా?"

నేను కొంగుతో ఆ పేజీ మీది దుమ్ము తుడిచాను.

"నాయనమ్మ మోకాళ్ళు ఇంకో నాలుగేండ్లు మంచిగుంటే, నా పేరు గూడ గీండ్లనే ఉంటుండె" అన్నాడు. తర్వాత ఫోన్ తీసి ఆ పేజీని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, హెడ్ మాస్టరును వెతుక్కుంటూ పోయాడు.

అంతటితో అయిపోయిందా అంటే, లేదు. ఆఫీసులో రిజిస్టరు చూసి ఉమామహేశ్వర్ ఊరు అన్న గడి దగ్గర ఆగిపోయాడు. ఇందులో కూడా నాచారమే ఉంది కదమ్మా అన్నాడు. ఇల్లు ఎక్కడ ఉంటే ఏమి, బడి ఎక్కడ ఉందో చూడమని మీ రూలే కదా అన్నాను. ఆ రూలు నాకు అప్పటికి కంఠతా వచ్చేసింది. అతను పై అధికారి దగ్గరికి పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. తొమ్మిదో రోజున కల్పన చేతికి కాగితం వచ్చింది.

బడి ఎక్కడ ఇచ్చారో వినండి. దగ్గరి బడులన్నీ ముందు వెళ్ళినవాళ్ళు కోరుకున్నారు. ఈమె ఆలస్యంగా వెళ్ళింది కాబట్టి మిగిలింది లంగర్‌హౌజ్ అవతల, హైదరాబాద్‌కు ఆ కొస. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. మా సందు చివరి బడిలో రెండు టీచర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఒక్క టీచరే అయిదు తరగతులను ఒక్క గదిలో కూర్చోబెడుతోంది. ఆ ఖాళీల్లోకి కల్పన రాలేదు, ఆమె ఈ జిల్లా లోకల్ కాదు. ధర్మేందర్ ఈ జిల్లా లోకలే, కానీ ఆ ఖాళీలను ఈ డీఎస్సీలో కలపలేదు, వాడి వంతు రాలేదు. నాగచైతన్యకు కీసర దాటాక ఎక్కడో వచ్చింది. స్థానికుల కోసం పెట్టిన కోటా ఇది, స్థానికులకు స్థానం తప్ప అన్నీ చూసింది.

కోటా వద్దని నేను అనడం లేదు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు భూములు పోయినవాళ్ళు గేటు బయట నిలబడితే, లోపల కుర్చీల్లో మా వైపు మనిషి ఒక్కడు లేకపోవడం నేను చూశాను. మా వాళ్ళకు కూడా కొంత ఉండాలని కొట్లాడినవాళ్ళూ నాకు తెలుసు. ఆ కొట్లాట సరైనదే. కానీ మా వాళ్ళు ఎవరో తేల్చే పని ఒక ముసలామె మోకాళ్ళకు అప్పజెప్పారు. వాడకట్టులో ఈ మాట చెబితే ఎవరికీ ఎక్కదు. దొంగ సర్టిఫికెట్ అన్న ముచ్చట సులువుగా ఎక్కుతుంది, అందుకే అదే తిరుగుతోంది.

ఈ మధ్య ఒక పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కల్పన కనబడింది. నేను ఆమెకు ఎదురుపడకుండా పోదామనే అనుకున్నాను, కాళ్ళు అటే నడిచాయి. బ్యాగు, టిఫిన్ డబ్బా, చేతిలో పుస్తకాల కట్ట. మెహదీపట్నం బస్సు కోసం మెడ చాచి చూస్తోంది. ఆరు నెలల నుంచి అందరూ ఆమె వెనక అనుకుంటున్నదీ, ఎవరూ ఆమెను అడగనిదీ ఒకటి ఉంది. ఇక నేనే అడిగేశాను.

"బిడ్డా, నిజం చెప్పు. గీ కోట లేకపోతే నీకు గీ నౌకరి వస్తుండెనా?"

ఆమె బస్సు వైపు నుంచి తల తిప్పింది.

"రాకపోతుండె పెద్దమ్మా. నాకు రాకపోతుండె, తమ్మునికీ రాకపోతుండె. మాకన్న ఎక్కువ మార్కులోళ్ళు రాష్ట్రమంత మస్తుగున్నరు. నేను తీసుకున్న జాగ మార్కుల లెక్కన తమ్మునిది అని నాకెరుకే, వాడు అనకున్నా ఎరుకే. ఆడ బడిల ముప్పై ఎనిమిది మంది పిల్లలున్నరు, రెండేండ్ల సంది వాళ్ళ క్లాసుకు టీచరే లేదు. నేను మొదటి దినం పోయినప్పుడు, మా జిల్లాదానివి కావు, నువ్వెందుకు వచ్చినవని ఎవలన్న అంటరేమోనని భయపడుకుంటనే క్లాసులకు పోయిన. ముందు బెంచీల ఒక పోరి లేచింది. బడి తొమ్మిదింటికైతే తొమ్మిదిన్నరకు వచ్చినవేంది టీచర్, అన్నది."